పంచశీలాన్ని ఇంటి బతుకులో అలవాటు చేసుకోవడం ఎలా

బౌద్ధ విహారాల్లో ఉపాసకులు, అంటే బుద్ధుణ్ని అనుసరించే గృహస్థులు, చేతులు జోడించి పాత బౌద్ధ గ్రంథాల భాష అయిన పాళీలో పలికే ఐదు వాక్యాలూ ఒకే తీరున ముగుస్తాయి: "వేరమణీ సిక్ఖాపదం సమాదియామి." ఈ మాటలు తెలుగువారికి పూర్తిగా కొత్తవి కావు. పదవీ విరమణ అనేటప్పుడు వాడే విరమణే ఇక్కడి వేరమణి. సిక్ఖా అంటే శిక్ష. అయితే మనకు శిక్ష అనగానే జైలో, జరిమానానో గుర్తుకొస్తుంది గానీ, పాళీలోనూ సంస్కృతంలోనూ ఆ మాటకు అసలు అర్థం నేర్చుకోవడం. శిక్షణ, శిక్షకుడు అనే మాటల్లో ఆ అర్థం మన దగ్గరా మిగిలే ఉంది. సమాదియామి అంటే స్వీకరిస్తున్నాను అని. ప్రాణం తీయకపోవడం, ఇవ్వనిది తీసుకోకపోవడం, కామ విషయంలో తప్పు నడవకపోవడం, అబద్ధమాడకపోవడం, మత్తుకు దూరంగా ఉండటం అనే ఐదు శీలాలనూ "నేర్చుకోవలసిన పాఠాలుగా నాకు నేనే స్వీకరిస్తున్నాను" అని ఆ మనిషి చెబుతున్నాడన్నమాట. పైనుంచి ఆజ్ఞాపించేవాడు ఇందులో లేడు. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే మిగిలిన పద్ధతంతా తేలికవుతుంది, ఎందుకంటే పాఠం నేర్చుకునేవాడు తప్పు చేస్తే దాచుకోనక్కరలేదు, మళ్లీ చేసి చూడవచ్చు.

ఐదింటినీ ఒకే బరువుతో ఒకే రోజున నెత్తికెత్తుకోవాలని లేదు. థాయ్‌లాండ్ విహారాల్లో ఉపాసకులు శీలాలు ఇమ్మని భిక్షువులను అడిగే వాక్యంలోనే "విసుం విసుం రక్ఖణత్థాయ" అనే మాట ఉంటుంది. విడివిడిగా కాపాడుకోవడానికి అని దాని అర్థం. ఒకటి తప్పినంత మాత్రాన మిగిలిన నాలుగూ పోవు. కాబట్టి ఒక శీలాన్ని ముఖ్యంగా పట్టుకుని, మిగిలినవాటిని చేతనైనంతలో పాటిస్తూ మొదలుపెట్టడం మేలు. రోజు కావాలంటే గోడమీది క్యాలెండరు చాలు. బౌద్ధులు వ్రతంగా పాటించే ఉపోసథ దినాలు పౌర్ణమి, అమావాస్య, అష్టములే. ఆ రోజుల్లో శ్రద్ధ గల గృహస్థులు బ్రహ్మచర్యం, మధ్యాహ్నం దాటాక భోజనం మానడం వంటివి కలుపుకుని ఎనిమిది శీలాలు పాటిస్తారు. కొత్తవారు అంతదూరం వెళ్లనవసరం లేదు. ఒక పౌర్ణమి ఉదయం స్నానం చేసి, ఎంచుకున్న శీలాన్ని తెలుగులోనే బయటికి వినబడేలా పలికి, తర్వాతి పౌర్ణమి వరకు దానితో ఉండటం మొదటి మెట్టు.

రాహులుడికి చూపిన అద్దం

పలికిన మాట పనిలోకి దిగడానికి బుద్ధుడు తన కొడుకు రాహులుడికి ఒక పద్ధతి చెప్పాడు. అది పాళీ గ్రంథ సంకలనాల్లో ఒకటైన మజ్ఝిమ నికాయంలో 61వ సుత్తం, అంటే ఉపదేశం. రాజగృహం దగ్గరి అంబలట్ఠికలో బుద్ధుడు కాళ్లు కడుక్కున్నాక పాత్రలో కొంచెం నీరు మిగిల్చి, తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడనివాడిలో శ్రమణ గుణం, అంటే సన్యాసికి ఉండవలసిన గుణం, ఇంత కొంచెమే అన్నాడు. ఆ నీటినీ పారబోశాడు, పాత్రను బోర్లించాడు, మళ్లీ తిప్పి అందులో ఏమీ లేదని చూపించాడు. తర్వాత "అద్దం దేనికి?" అని అడిగాడు. చూసుకోవడానికని రాహులుడు జవాబిచ్చాడు. అలాగే చేతితో, మాటతో, మనసుతో చేసే ప్రతి పనినీ చూసి చూసి చేయాలని, ఆ చూపు పనికి ముందు, పని జరుగుతుండగా, పని అయ్యాక మూడుసార్లు ఉండాలని తండ్రి చెప్పాడు. అడుక్కోవలసిన ప్రశ్న మూడుసార్లూ ఒకటే: దీనివల్ల నాకు గాని, ఎదుటివారికి గాని, ఇద్దరికీ గాని బాధ కలుగుతుందా?

ఈ ఉపదేశాన్ని అశోక చక్రవర్తి ప్రత్యేకంగా పేర్కొన్నాడు. రాజస్థాన్‌లోని బైరాట్‌లో దొరికిన శాసనంలో భిక్షువులు, భిక్షుణులు, ఉపాసకులు, ఉపాసికలు మళ్లీ మళ్లీ వినవలసిన బోధల జాబితా ఉంది, అందులో అబద్ధం గురించి రాహులుడికి చేసిన ఉపదేశం ఒకటి. అశోకుడి మాట మన నేలమీదా ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద చెక్కిన చిన్న శాసనంలో తల్లిదండ్రుల మాట వినాలని, ప్రాణుల పట్ల దయ ఉండాలని, నిజం చెప్పాలని రాయించాడు. గుత్తి మీదుగా వెళ్లేవారు ఒకసారి ఆగి ఆ బండలను చూస్తే, శీలం అనేది దారిన పోయే మామూలు మనుషులకోసం చెప్పినదని కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది.

సుత్తంలో ఆ చూపులు ముందు, నడుమ, తర్వాత అనే వరుసలో ఉన్నాయి. సాధనకు మాత్రం నేను ఆ వరుసను తిరగేయమంటాను. పనికి ముందే ఆగి చూడటం అన్నిటికంటే కష్టం, అయిపోయిన పనిని చూడటం అన్నిటికంటే సులువు. మొదటి నెలంతా రాత్రి దీపం ఆర్పే ముందు ఐదు నిమిషాలు ఆ రోజు జరిగినదాన్ని మాత్రమే చూసుకోండి. చిన్న నోటుపుస్తకంలో ఏం చేశాను, ఎవరితో, ఎవరికి బాధ కలిగింది అని రెండు మూడు వరుసలు రాయండి. మంచివాణ్ని, చెడ్డవాణ్ని అనే తీర్పులు రాయవద్దు, జరిగిన పని రాయండి. రెండో నెలకు, గొంతు పెరుగుతున్నప్పుడే "ఇది రాత్రికి పుస్తకంలోకి ఎక్కుతుంది" అనే ఎరుక దానంతట అదే కలగడం మొదలవుతుంది. పనికి ముందటి చూపు ఆ తర్వాత వస్తుంది. ఎవరికీ బాధ కలగలేదని తేలిన రోజున ఆ సంతోషంతో ఉండమని కూడా రాహులుడికి బుద్ధుడు చెప్పాడు, ఆ భాగాన్ని వదిలేయకూడదు.

మొదట మాట

ఏ శీలంతో మొదలుపెట్టాలని అడిగితే నాలుగోదానితోనే అని చెబుతాను. హత్య చేసే అవకాశం మనలో చాలామందికి జీవితంలో రాదు, మాట జారే అవకాశం గంటకొకసారి వస్తుంది. పైగా ఇప్పుడు మాట నోటినుంచి మాత్రమే రావడం లేదు, బొటనవేలి నుంచీ వస్తోంది. బౌద్ధం మాట దోషాలను నాలుగుగా విడదీసింది: అబద్ధం, చాడీ, పరుషమైన మాట, పసలేని మాట. ఇందులో చాడీకి చెప్పిన లక్షణం గమనించదగ్గది. ఇక్కడ విన్నది అక్కడ చెప్పి, అక్కడ విన్నది ఇక్కడ చెప్పి కలిసి ఉన్నవారిని విడదీయడం. చెప్పింది నిజమే అయినా అది దోషమే. ఒకరు నమ్మి పంపిన మెసేజిని స్క్రీన్‌షాట్ తీసి మరొకరికి పంపేటప్పుడు మనం చేస్తున్నది అక్షరాలా ఇదే.

విన్నదాన్ని నమ్మడం గురించి కేసపుత్త ఊరివారైన కాలాములకు బుద్ధుడు చెప్పిన మాటల్లో "మా ఇతికిరాయ" అనేది ఒకటి. ఇతికిర అంటే "ఇలాగట" అని చేతులు మారుతూ వచ్చే మాట. దాన్ని పట్టుకుని ఒక నిర్ణయానికి రావద్దని ఆయన హెచ్చరించాడు. ఈ ఇతికిరకు తెలుగులో సాటి మాట ఉంది, అది "అంట". వాక్యం చివర అంట అని చేర్చగానే బాధ్యత మన భుజం మీదినుంచి దిగిపోయినట్టు అనిపిస్తుంది. అందుకే నా మొదటి సూచన చాలా చిన్నది: రాస్తున్న మెసేజిలో, లేదా పంపబోతున్న మెసేజిలో "అంట" కనబడితే ఫోను పక్కన పెట్టి, అది ఎవరు చూశారో తెలుసుకున్నాకే మళ్లీ చేతిలోకి తీసుకోండి.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నది. ఒక సాయంత్రం మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. భుజాన సంచీ, చేతిలో ఇనప కడ్డీ, గేటు వైపు చూస్తున్న ఒక నడివయసు మనిషి. కింద "రెండు రోజులుగా మన వీధిలో తిరుగుతున్నాడంట, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా అంట, జాగ్రత్త" అని రాసి ఉంది. రెండు అంటలు ఉన్నాయి. పిల్లల క్షేమం కదా అనుకుని నేను దాన్ని మరో నాలుగు గ్రూపులకు పంపాను. మర్నాడు తెలిసింది ఏమిటంటే ఆయన గ్యాస్ పొయ్యిలు బాగుచేసే మనిషి. ఆ కడ్డీ బర్నరు రంధ్రాలు పొడిచేది. పక్క వీధిలో నలుగురు ఆయన్ను ఆపి సంచీ దులిపించారట అని రాయబోయి ఆగుతున్నాను. దులిపించారు, ఆ సంగతి ఆయనే నాకు తర్వాత చెప్పాడు. 2018లో ఇటువంటి వదంతులు నమ్మిన గుంపుల చేతుల్లో తెలుగు రాష్ట్రాలతో సహా దేశంలో పలుచోట్ల అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఏడాది జులైలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజిని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. నేను పంపినవి నాలుగే కాబట్టి ఆ పరిమితి నన్ను ఆపేదే కాదు.

నిజమైన మాటను కూడా ఎప్పుడు చెప్పాలో తెలియాలి. మంచి మాటకు అంగుత్తర నికాయమనే మరో పాళీ సంకలనం ఐదు గుర్తులు చెబుతుంది: సమయానికి చెప్పినది, నిజమైనది, మృదువైనది, మేలు చేసేది, మైత్రీభావంతో అన్నది. అలాగని బుద్ధుడు చేదు మాట అనకూడదని చెప్పలేదు. అభయ రాజకుమారుడికి చెప్పినట్టుగా, నిజమూ మేలూ అయిన మాట ఎదుటివారికి రుచించనిదైతే దాన్ని చెప్పడానికి సమయం చూస్తాడు, అంతే. ఆఫీసులో కింది ఉద్యోగి తప్పును అందరూ ఉన్న మీటింగులో ఎత్తడానికీ, సాయంత్రం విడిగా కూర్చోబెట్టి చెప్పడానికీ తేడా ఇక్కడే ఉంది. శాతవాహన రాజుకు లేఖగా బౌద్ధాచార్యుడు నాగార్జునుడు రాసినదని చెప్పే సుహృల్లేఖ టిబెటన్, చైనా అనువాదాల్లో మిగిలింది. అందులో ఆయన బుద్ధుడి మాటనే గుర్తుచేస్తూ ప్రియమైన మాటను తేనెతో, సత్యమైన మాటను పువ్వుతో, అబద్ధాన్ని మలంతో పోల్చి, చివరిదాన్ని విడిచిపెట్టమంటాడు.

చేతికి వచ్చే డబ్బు

రెండో శీలాన్ని దొంగతనం చేయకపోవడం అని అనువదిస్తే, నేను దొంగను కాను కదా అని దాటిపోతాం. పాళీలో ఉన్న మాట అదిన్నాదానం, అంటే ఇవ్వనిది తీసుకోవడం. ఇవ్వవలసినవాడు మనస్ఫూర్తిగా ఇచ్చాడా అనేదే ఇక్కడ కొలత. దీఘ నికాయంలో తులాకూటం, కంసకూటం, మానకూటం అని మూడు మోసాల పేర్లు వస్తాయి: తూకంలో మోసం, లోహంలో మోసం, కొలతలో మోసం. కూటసాక్ష్యం అనే మాటలోని కూటమే ఇది. ధాన్యం కాటా వేసేటప్పుడు తేమ అనీ, తాలు అనీ చెప్పి న్యాయంగా తీయవలసినదానికి మించి బస్తాకు తరుగు తీయడం తులాకూటమే, అది ఎన్నేళ్ల ఆచారమైనా సరే. ఉద్యోగి లేని ప్రయాణానికి బిల్లు పెట్టడమూ, యజమాని అదనపు గంటలు చేయించుకుని జీతం ఇవ్వకపోవడమూ ఈ శీలం కిందికే వస్తాయి. సాధనగా, నెలకొకసారి నోటుపుస్తకంలో "ఈ నెల అడగకుండా తీసుకున్నవి" అని ఒక పేజీ పెట్టుకోండి. మొదటి నెల ఆ పేజీ ఖాళీగా ఉంటే మళ్లీ చూడండి.

డబ్బును ఎలా పంచుకోవాలో కూడా బుద్ధుడు గృహస్థులకు విడమరిచి చెప్పాడు. తడి బట్టలతో ఆరు దిక్కులకు మొక్కుతున్న సిగాలుడనే యువకుడికి చేసిన ఉపదేశంలో, సంపాదనలో ఒక పాలు అనుభవించమని, రెండు పాళ్లు వృత్తిలో పెట్టమని, నాలుగో పాలు ఆపదకు దాచమని ఉంది. ఆ లెక్క వ్యాపారం చేసుకునే ఇంటికి చెప్పినది. నెలజీతం మీద బతికేవారికి ఆ రెండు పాళ్లు పని నేర్పే చదువులకు, ఇంటి బాకీకి సరిపోతాయని నా ఉద్దేశం. కదపకూడనిది నాలుగో పాలు. దీఘజాణుడనే మరో గృహస్థుకు చెప్పిన మాటల్లో, తక్కువ రాబడితో ఆడంబరంగా బతికేవాణ్ని జనం మేడిపళ్లు తినేవాడితో పోలుస్తారని వస్తుంది. అంటే, నాలుగు పళ్లకోసం కొమ్మంతా దులిపి మిగతావి నేలపాలు చేసేవాడు. పెళ్లికో గృహప్రవేశానికో అప్పు చేసే ముందు ఆ చెట్టుకింద రాలిన పళ్లను ఊహించుకోవడం మంచిది. గృహస్థు సుఖాలు నాలుగని అనాథపిండికుడనే ఉపాసకుడికి బుద్ధుడు చెప్పాడు: సంపద ఉండటం, దాన్ని అనుభవించడం, అప్పు లేకపోవడం, తప్పు లేకపోవడం. మొదటి మూడు సుఖాలూ నాలుగోదానిలో పదహారో వంతుకు కూడా సాటిరావని చివర అన్నాడు.

మన దగ్గర పనిచేసేవారు

సిగాలుడికి చెప్పిన ఆరు దిక్కుల్లో తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం స్నేహితులు, పైదిక్కు శ్రమణ బ్రాహ్మణులు. కింది దిక్కు పనివారు. యజమాని వారిపట్ల చేయవలసినవి ఐదు: శక్తిని బట్టి పని అప్పగించడం, తిండీ జీతమూ ఇవ్వడం, జబ్బు చేస్తే చూడటం, అరుదైన రుచులు పంచుకోవడం, సమయానికి సెలవివ్వడం. ఇంత పాత గ్రంథంలో జబ్బు సెలవూ, పని వేళలూ ఇంత స్పష్టంగా ఉండటం చూసినప్పుడల్లా నాకు గౌరవం పెరుగుతుంది.

ఈ ఐదింటిలో నన్ను ఎక్కువగా కదిలించేది నాలుగోది. మా అమ్మ వేసవిలో మొదటి బంగినపల్లి బుట్ట రాగానే, ఇంట్లో ఎవరూ కోయకముందే రెండు పెద్ద పళ్లు తీసి అంట్లు తోమే నరసమ్మ పేరున పక్కన పెట్టేది. మెత్తబడినవో, మచ్చపడినవో కావు, బుట్టలో పైన ఉన్నవి. ఆమెకు సుత్తాలు తెలియవు. మిగిలిపోయినదాన్ని ఇవ్వడం వేరు, పంచుకోవడం వేరు అని మాత్రం ఆమె చేతికి తెలుసు. దీన్ని పాటించాలనుకునేవారు ఈ నెలలో మూడు పనులు చేసి చూడవచ్చు: ఇంట్లో పనిచేసేవారికి వారంలో ఒక రోజు సెలవును అడగకముందే ఖాయం చేయడం, జబ్బుపడి రాని రోజుకు జీతం కోయకపోవడం, పండుగ వంటలో వారి వాటాను మనం తినకముందే తీయడం.

మత్తు, జూదం

ఐదో శీలం కల్లునూ సారానూ ఎందుకు వద్దంటున్నదో ఆ వాక్యంలోనే చెబుతుంది. అవి పమాదట్ఠానం, అంటే ఏమరుపాటుకు తావు. ఎరుక పోయాక మిగిలిన నాలుగు శీలాలకూ కాపలా ఉండదు. తాగుడు గురించి సిగాలుడికి చెప్పిన ఆరు నష్టాల్లో మొదటివి డబ్బు పోవడం, తగాదాలు పెరగడం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు వారు చెప్పుకున్న బాధలూ అవే, కూలి డబ్బు ఇంటికి చేరకపోవడం, ఇంట్లో కొట్లాట. ఆ ఉద్యమం జిల్లాలు దాటి పాకి, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం అమల్లోకి వచ్చింది. తాగుడు మానాలనుకునేవారికి ఒక సూచన: వ్యసనంగా ముదిరినదాన్ని శీలం పట్టుదలతో ఒక్కసారిగా ఆపబోవద్దు, అది ప్రాణాపాయం కావచ్చు, ముందు వైద్యుణ్ని కలవండి. శీలం ఆ తర్వాత తోడుంటుంది.

జూదానికి కూడా బుద్ధుడు ఆరు నష్టాలు చెప్పాడు. గెలిస్తే పగ పుడుతుంది, ఓడితే పోయినదానికి ఏడుపు, చేతిలో ఉన్నది కరుగుతుంది, సభలో మాట చెల్లదు, స్నేహితులు చులకన చేస్తారు, పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రారు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. అయినా ఫోనులో ఆడే బెట్టింగులో పగ పట్టేవాడు కనబడడు, సభా కనబడదు, కాబట్టి మొదటి నష్టాలు తెలియకుండానే మూడోది జరిగిపోతుంది. ఇంట్లో ఎవరైనా ఇందులో చిక్కుకున్నట్టు అనుమానం వస్తే నిలదీయడానికి ముందు, పైన చెప్పిన మంచి మాటకు ఐదు గుర్తులనూ ఒకసారి గుర్తుచేసుకోండి. అప్పుల సంగతి బయటపెట్టడానికి వారికి కావలసిన ధైర్యం ఆ మాటతీరు నుంచే వస్తుంది.

ప్రాణం, కాపురం

మొదటి శీలం గురించి మన ఇళ్లలో మొదట వచ్చే ప్రశ్న మాంసం తినవచ్చా అనేది. బౌద్ధ సంప్రదాయాలు ఇందులో ఒకే మాట మీద లేవు. తనకోసం చంపినట్టు చూడని, వినని, అనుమానం లేని మాంసాన్ని భిక్షువు స్వీకరించవచ్చని పాళీ గ్రంథాలు చెబుతాయి, లంకావతార సూత్రం వంటి మహాయాన గ్రంథాలు మాంసాన్నే వద్దంటాయి. ఎవరి నిర్ణయం వారిది గానీ, వంటింటి వాదన దగ్గరే ఆగిపోతే శీలంలోని మిగతాదంతా చేజారుతుంది. హెల్మెట్ లేని పిల్లవాణ్ని వెనక కూర్చోబెట్టుకుని రాంగ్ రూటులో బండి నడపడం కూడా ప్రాణంతో చెలగాటమే. చేనుకు మందు కొట్టక తప్పని రైతు, చేతన అంటే సంకల్పమే కర్మ అని బుద్ధుడు చెప్పినదాన్ని గుర్తుంచుకుని, అవసరానికి మించి ఒక్క ట్యాంకు కూడా కొట్టకుండా చూసుకోవడంతో మొదలుపెట్టవచ్చు.

మూడో శీలానికి అక్రమ సంబంధం వద్దు అనే హద్దు అందరికీ తెలిసినదే. సిగాలుడికి చెప్పిన భర్త ధర్మాల్లో దానికి తోడు భార్యను గౌరవించడం, కించపరచకపోవడం, ఆమెకు ఇంటి అధికారం అప్పగించడం ఉన్నాయి. నలుగురిలో ఆమె చదువునో, వంటనో ఎగతాళి చేయడం ఎప్పుడు జరిగిందో రాత్రి పుస్తకంలో రాసుకోండి. ఇంటి పత్రాలూ, బ్యాంకు ఖాతాలూ ఎవరి పేరున ఉన్నాయో, వాటి గురించి ఆమెకు ఎంత తెలుసో కూడా ఒకసారి చూసుకోండి.

తప్పినప్పుడు

శీలం తప్పుతుంది. రాహులుడికి చెప్పిన పద్ధతిలో దానికీ దారి ఉంది. చేతితోనో మాటతోనో చేసిన పని బాధ కలిగించిందని తేలితే, గురువుకో, వివేకం గల తోటివారికో దాన్ని విప్పి చెప్పాలి, ఇకమీదట జాగ్రత్తపడాలి. మనసులో మెదిలిన తప్పు అయితే దానికి సిగ్గుపడి దూరంగా జరగాలి. విప్పి చెప్పడానికి ఒక మనిషిని ముందే చూసిపెట్టుకోండి, మనల్ని పొగిడేవారూ కాకూడదు, మన తప్పును ఊరంతా చాటేవారూ కాకూడదు. ఆ తర్వాత శీలాన్ని మళ్లీ పలికి స్వీకరించడమే. విహారాల్లో ఉపాసకులు జీవితకాలమంతా మళ్లీ మళ్లీ శీలాలు తీసుకుంటూనే ఉంటారు.

బాధపడినవారు ఎదురుగా ఉన్నప్పుడు విప్పి చెప్పవలసినది ముందు వారికే. పొయ్యిలు బాగుచేసే ఆ మనిషి విషయంలో నేను ఎన్ని గ్రూపులకు ఫొటో పంపానో అన్ని గ్రూపుల్లోనూ ఇలా రాశాను: "నిన్న నేను పంపిన ఫొటోలోని మనిషి గ్యాస్ పొయ్యిలు బాగుచేస్తారు. దొంగ కాదు. విచారించకుండా పంపింది నేను, తప్పు నాది. దయచేసి ఆ ఫొటోను తీసివేయండి, మీరు ఎవరికైనా పంపి ఉంటే వారికి ఈ మాట చేర్చండి." తర్వాతి వారం ఆయన మా వీధిలోకి వచ్చినప్పుడు గేటు దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. సంచీ కింద పెట్టి, కడ్డీ బయటికి తీసి, ఇది బర్నరు రంధ్రాలు పొడిచేదని నాకు చూపించాడు.